రాత అనే మాట ఎవరు అనాలి?

రోగం ప్రారబ్ధమేనా? మా మెట్‌పల్లిలో బీడీలు చేసే ఎదురింటి అక్క పెద్దపేగు క్యాన్సర్‌తో పోయినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. దొడ్డికి పోయినప్పుడు రక్తం పడితే మొలలనుకుంది. వాడకట్టు ఆర్‌ఎంపీ కూడా మొలలకే మందిచ్చాడు. వెయ్యి బీడీల లెక్కన కూలి కట్టే పని ఆమెది, దవాఖానకు పోయిన రోజు చాట ఖాళీ. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానకు చేరేసరికి జబ్బు కాలేయానికి పాకింది. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది. వైద్యానికి అది అక్కరకొస్తుంది గాని, రక్తం పడ్డ మొదటి రోజే పరీక్షకు పొమ్మని చెప్పదు.

పేగులో మొలిచిన చిన్న పిలక క్యాన్సర్‌గా మారడానికి మామూలుగా పదేళ్లదాకా పడుతుంది. ముందే కనిపెడితే తీసేయొచ్చు. అమెరికాలో పేదల బస్తీల్లో ఈ జబ్బు ఎక్కువ వస్తోందనీ, ముదిరాకే తేలుతోందనీ అక్కడి లెక్కలు చెబుతున్నాయి. మన దేశంలో పడమటి దేశాలంత ఎక్కువ లేదు. కానీ ఆలస్యం మాత్రం మా వాడకట్టుకూ తెలుసు.

నన్ను వదలని ఆ ప్రశ్న పాతదే. మా కరీంనగర్ సీమకు బౌద్ధం కొత్త కాదు, ధూళికట్ట స్తూపమే సాక్ష్యం. బౌద్ధ గ్రంథం సంయుత్త నికాయంలో శివకుడనే పరివ్రాజకుడు బుద్ధుడిని ఇదే అడుగుతాడు: మనిషి పడే బాధంతా పూర్వకర్మ ఫలమేనా అని. బుద్ధుడు ఎనిమిది కారణాలు లెక్కపెడతాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, ఋతువు మారడం, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, దెబ్బ తగలడం. కర్మ వచ్చేది చిట్టచివర, ఎనిమిదోదిగా. మనం దాన్ని మొదట పెట్టి, మిగతా ఏడింటినీ చూడడం మానేశాం. ఒంటిని చూసుకోవాలంటే ఆ రోజు కూలి వదులుకోవాల్సి వచ్చినప్పుడు, ఆ ఆరో కారణాన్ని అక్క ఒక్కదాని ఖాతాలో ఎలా రాస్తాం?

"రాత అనుకోకుంటే ఏడుపు ఆగదు బిడ్డా" అంది అక్క వాళ్లమ్మ. ఆమె అనొచ్చు, ఆ మాటే ఆమెకు ఊపిరి. చుట్టూ ఉన్న మేం అనకూడదు. ఆమె నోట ఓదార్పు అయినది, మా నోట తప్పించుకోవడం అవుతుంది.

ముప్పై దాటిన వాళ్లకు సర్కారు చేసే క్యాన్సర్ పరీక్షలు నోటికీ, రొమ్ముకూ, గర్భాశయ ముఖద్వారానికీ. పేగు ఆ జాబితాలో లేదు. చేర్చమని అడగాలి. అప్పటిదాకా మా వాడలో ఏ అక్క రక్తం పడుతోందన్నా, మొలలే అనుకోకుండా పెద్ద దవాఖానకు వెంట తీసుకుపోవడానికి నేనున్నానని చెబుతున్నాను.