నీటిని మార్చుటా, కోరికను మార్చుకొనుటా?

జీవదయ యను మాట మన యిండ్లలో ఉగ్గుపాలతో నేర్పబడునది. పావురములకు గింజలు చల్లుట, గోశాలలకు చందా లిచ్చుట, దీపము వెలుగకముందే భోజనము ముగించుట మనకు కొత్త సంగతులు కావు. కాని కాలముతో బాటు కొత్త వస్తువులు ఇంటిలోనికి వచ్చుచున్నవి. వానితో కొత్త ధర్మసందేహములును వచ్చుచున్నవి. అట్టి వానిలో ఒకటి అద్దాల చేపల తొట్టి. అది నేడు వైద్యశాలలలో, హోటళ్ళలో, ధనికుల హాలులలో, కొన్నిచోట్ల మనవారి ముందుగదులలో గూడ కనిపించుచున్నది. ఆ చేపలను కొట్టువారు లేరు, కోయువారు లేరు. వేళకు మేత వేయుచున్నారు. ఇందులో హింస ఎక్కడ నున్నదని ఎవరైన అడిగిన, చటుక్కున జవాబు దొరకదు. ఈ ప్రశ్ననే నాకు తోచినంతలో విచారింపదలచితిని.

ఆవు నొచ్చిన అరచును, కుక్క మూలుగును. చేపకు ఆ సౌకర్యము లేదు. దాని బాధ యంతయు నీటిలో నుండును. ఆ నీరు మన కంటికి తేటగానే అగపడును. కాబట్టి చేప యెడల దయ చూపదలచినవాడు మొదట నీటిని తెలిసికొనవలెను.

నీరన్నియు ఒకటి కావు. దక్షిణ అమెరికాలోని రియో నీగ్రో నది నీరు అడవి ఆకులు కుళ్ళి తేయాకు కషాయపు రంగున నుండును. అందులో సున్నపు అంశము మిక్కిలి తక్కువ. పులుపును కొలుచు పి.హెచ్. లెక్కలో అది సుమారు 4 నుండి 5 వరకు ఉండును. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు నీరు దీనికి పూర్తిగా విరుద్ధము. కఠినజలము, క్షారగుణము గలది, పి.హెచ్. సుమారు 9. ఈ లెక్కలో ఒక్క అంకె తేడా పది రెట్లు, రెండంకెలు నూరు రెట్లు. అనగా ఆ నదికి, ఈ సరస్సుకు నడుమ వేల రెట్ల తారతమ్యము గలదు. ఒకదానిలో పుట్టిన చేపను మరొకదానిలో వేయుట మనిషిని కొండ చలినుండి కొలిమి ముందుకు తోయుట వంటిది. మంచినీటి చేప దేహములో లవణములు బయటి నీటిలో కన్న ఎక్కువ. అందుచే నీరు మొప్పల గుండా లోపలికి ఊరుచునే యుండును. అది రాత్రింబవళ్ళు ఆ నీటిని తోడి బయటకు పంపుచు, లవణములను నిలుపుకొనుచుండును. నీటి గుణము ఒక్కసారిగా మారెనా, ఆ తోడుడు పని తలక్రిందులగును.

మన చెన్నపట్నములో గాని, బళ్ళారి ప్రాంతమున గాని బోరునీరు చాలచోట్ల సున్నము గల కఠినజలమే. అట్టి నీటిలో రియో నీగ్రో చేపను ఉంచదలచినవారు సీసాలోని ఆమ్లమును కొన్ని చుక్కలు వేసి, కొలత సరిపోయినదని సంతోషింతురు. మరునాటికి కొలత యథాప్రకారము పైకి వచ్చును. నీటిలోని కార్బొనేటులు ఆ ఆమ్లమును మింగివేయుటే దీనికి కారణము. మరల చుక్కలు, మరల ఏరుదల! ఈ ఊగులాటలో చేప నలిగిపోవును. సరియైన పద్ధతి వేరు. ముందు కాఠిన్యమును తగ్గించవలెను, అందుకు ఆర్.ఓ. యంత్రపు నీటినో, శుభ్రముగా పట్టిన వాననీటినో కొంచెము కొంచెముగా కలుపవలెను. ఆ పిమ్మట ఎండిన నాటుబాదము ఆకులు వేసినచో నీరు మెల్లగా పులుపు వైపు తిరుగును. కార్బొనేటులు బొత్తిగా లేకున్నను ప్రమాదమే. అప్పుడు పులుపు ఒక్క రాత్రిలో మితిమీరవచ్చును. కొలత పుస్తకములోని అంకెకు సరిగా నుండుట కన్న నిలకడగా నుండుట ముఖ్యము.

మరొక కంటికి కానరాని శత్రువు అమ్మోనియా. చేప మొప్పలనుండి, మలమునుండి, మిగిలిన మేతనుండి అది పుట్టును. కొన్ని సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగాను, మరికొన్ని ఆ నైట్రైటును అంత హాని లేని నైట్రేటుగాను మార్చును. కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు నెలకొనుటకు నాలుగు నుండి ఆరు వారములు పట్టును. తొట్టిని, చేపను ఒకే దినమున కొని తెచ్చువారు ఈ సంగతి తెలియక చేపను విషములో వదలుచున్నారు. విషపు అమ్మోనియా పాలు పి.హెచ్. 7 వద్ద నూటికి ఒకటి కూడ ఉండదు. 8 వద్ద సుమారు 5. 9 వద్ద మూడవ వంతుకు పైగా నుండును. కావున చాలకాలము మురికిపడిన పులుపు నీటిలో ఒక్కసారిగా కొళాయి కఠినజలము పోసినచో, అంతవరకు నిద్రించిన విషము మేల్కొనును. శుభ్రము చేసితిమని మనము సంతోషించు గడియలోనే చేప ఒరిగిపోవును. కొళాయి నీటిలోని క్లోరినును హైపోతో విరచుటయు మరువరాదు.

ఇదంతయు రసాయన శాస్త్రము గదా, దీనికి ధర్మముతో పని యేమని కొందరనవచ్చును. పని యున్నది. ఉమాస్వాతి ఆచార్యులు తత్త్వార్థసూత్రమున హింసను నిర్వచించుచు ప్రమాదమును, అనగా అజాగ్రత్తను, ముందు పెట్టినారు. చంపవలెనను తలంపు లేకపోయినంత మాత్రాన మనము తప్పించుకొనలేము. తూకపురాళ్ళు సరిచూడని వర్తకుడు నేను మోసగించలేదని ప్రమాణము చేసిన ఎవరు నమ్ముదురు? అట్లే నీటిని ఒక్కనాడైన కొలువనివాడు నేను ప్రేమతో పెంచితిననుట చెల్లదు.

మన పెద్దలకు ఈ సూక్ష్మము తెలియకపోలేదు. మన యిండ్లలో నీటిని గుడ్డతో వడగట్టి త్రాగుట ఆచారము. వడగుడ్డలో నిలిచిన జీవములను ఎక్కడబడితే అక్కడ పారబోయక, ఏ బావి నీరైన ఆ బావిలోనే మెల్లగా దింపి వదలెడివారు. ఒక బావి జీవము మరొక బావి నీటిలో బ్రతుకజాలదని వారి ఎరుక. పి.హెచ్. అను పేరు పుట్టక పూర్వమే, ఎవని నీరు వానిదన్న సత్యమును వారు ఆచారముగా కట్టినారు. కంటికి కనబడని పురుగుకు ఇంత మర్యాద చూపిన కులములో పుట్టి, కంటికి కనబడు చేపకు అంతమాత్రము చూపలేమా?

ఇక్కడనే అసలు ప్రశ్న ఎదురగుచున్నది. ఎవని నీరు వానిదైనచో, వేల మైళ్ళ దూరపు చేపను తెచ్చి, దానికొరకు మన నీటిని వంచుట ఎందులకు? అహింసావ్రతమునకు చెప్పిన అయిదు అతిచారములలో మొదటిది బంధము. నీరు ఎంత చక్కగా దిద్దినను అద్దపు గోడ గోడయే. డిస్కస్ వంటి సుకుమారపు చేపలకు మాంసాహారము కావలెను. పురుగులు వేయకున్నను, అంగట్లో దొరకు గుళికలలో సామాన్యముగా చేపల పిండి యుండును. ఆ డిస్కస్ తన చర్మముపై ఊరు జిగురుతో పిల్లలను పోషించును. పాలిచ్చు తల్లివలె నున్న ప్రాణిని అలంకార వస్తువుగా చూడగలమా?

దీనికి ఒక గట్టి ఎదురువాదము గలదు. బ్రెజిలు దేశములోని బార్సెలోస్ పట్టణ ప్రాంతమున కార్డినల్ టెట్రా చేపలను పట్టి అమ్ముటయే ఎన్నో కుటుంబములకు జీవనము. ఆ రాబడి యున్నంతవరకు వారు అడవిని కాపాడుకొందురు, అది పోయిన అడవి నరుకబడునని తెలిసినవారు చెప్పుదురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. కాని దీనికి ఎదుట మన పడమటి కనుమల కథ యున్నది. ‘మిస్ కేరళ’ అను అందమైన చేపను కేరళ, కర్ణాటక ఏరులనుండి తొట్లకొరకు విపరీతముగా పట్టిరి; అది నేడు అంతరించు ప్రమాదము గల జాతులలో చేరినది. కాబట్టి ఒకచోటి మేలును అన్నిచోట్లకు అన్వయింపరాదు. పైగా, దూరపు అడవికి జమ కట్టిన పుణ్యముతో నా తొట్టిలోని చేపకు నేను పడిన బాకీ తీరదు. ఆ రెండును వేర్వేరు ఖాతాలు.

అట్లని ఇప్పటికే ఇంట చేపలున్నవారు వానిని చెరువులో వదలుట దయ యనుకొనరాదు. ఆ నీరు దానికి సరిపడక చచ్చును, లేదా సరిపడి ఇతర జీవములను చంపును. తొట్టి అద్దములను నాకు దక్షిణ అమెరికా సక్కరు చేప ఆంధ్రదేశపు నీళ్ళలో చేరి బెస్తల వలలను చింపుచు, స్థానిక చేపల కూటిలో పాలు పంచుకొనుచున్నది. ఉన్నదానిని కడవరకు పోషించుటయే ధర్మము. నీటిని తరచు కొలువవలెను, కొద్దికొద్దిగా మార్చవలెను, ఉన్న నీటికి ఓర్చని చేపను కొత్తగా తేరాదు. కొళత్తూరు వంటి చోట్ల ఈ వ్యాపారము పెద్దయెత్తున సాగుచున్నది. మన పిల్లలు అటు ఆకర్షింపబడిన, శ్రావకులు విడువవలసిన పదునైదు వ్యాపారములలో ప్రాణుల అమ్మకము గూడ నున్నదని వారికి మెల్లగా చెప్పవలెను.

నా అభిప్రాయము ఇది. బంధించినవాడు నీటిని దిద్దుట కర్తవ్యము. బంధింపకుండుట అంతకన్న మేలు. నీటిని మార్చుటకు పది సాధనములు అంగట్లో అమ్ముదురు. కోరికను మార్చుకొను సాధనము మనవద్దనే యున్నది, దానికి వెల లేదు. పిల్లవాడు చేప కావలెనని మారాము చేసినప్పుడు వానిని ఏటి ఒడ్డుకు తీసికొనిపోయి, తన నీటిలో తిరుగు చేపను చూపుడు. పెద్దలు ఇందలి మంచిని గ్రహించి, కొరతలున్న మన్నింతురు గాక.