ఏకమనస్సుతో అడిగితిమి, ఎవరు చెల్లింతురు?



గత వేసవిలో రాచర్ల ప్రక్కనున్న ఒక పల్లెలో స్త్రీల ప్రార్థన కూటము ముగిసిన తరువాత జరిగిన సంభాషణ మొదట మీకు చెప్పెదను. వేపచెట్టు క్రింద పరచిన చాపలు ఇంకను ఎత్తలేదు. అక్కడ కూర్చున్నవారిలో ఇద్దరి ఇండ్లమీద రెండు వేరువేరు పక్షముల జెండాలు ఎగురుచుండును. ఎన్నికల దినములలో ఆ రెండిండ్ల మగవారు ఒకరినొకరు పలుకరించుకొనరు. అయినను ఆ స్త్రీలిద్దరును ఆ దినమున ఒకే మాట అనిరి: "బెల్టు షాపూ పోవాలి, బ్రాందీ షాపూ పోవాలి, అయ్యగారూ." తక్కినవారందరు ఔననిరి. నాకు మిక్కిలి సంతోషమాయెను.

సంతోషించి ఊరకుండక నేనొక ప్రశ్న వేసితిని. మద్యము పోయిన యెడల దానివలన ప్రభుత్వమునకు వచ్చు రాబడియు పోవును గదా, దానికి మారుగా మనమందరము కొంచెము ఎక్కువ పన్ను కట్టవలసివచ్చిన కట్టుదురా అని అడిగితిని. కొంతసేపు ఎవరును పలుకలేదు. పిమ్మట ఒకామె, "మా ఆయన తాగేదాని కంటే తక్కువే గదయ్యా, కడతాను" అనెను. రెండవ ఆమె ఒప్పుకొనలేదు. "మా ఇంట్లో ఎవరూ తాగరు. వదినె వాళ్ల ఆయన తాగితే నేనెందుకు కట్టాల?" అనెను.

ఆమెను స్వార్థపరురాలని తలంచకుడి. ఆ ప్రశ్న న్యాయమైనదే. మన రాష్ట్రములో పెద్ద పెద్ద పక్షములును దాటలేకపోయిన మెట్టు అదియే.

1992లో మన పొరుగు జిల్లాయైన నెల్లూరులో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన సంగతి మీలో పెద్దవారికి జ్ఞాపకముండును. రాత్రి బడులలో అక్షరములు దిద్దిన పేదరాండ్రు ఊరూర లేచి సారా దుకాణములు మూయించిరి, వేలముపాటలను అడ్డగించిరి. కులమేది, పక్షమేది అని వారు అడుగలేదు. వారి ఒత్తిడికి 1993లో కాంగ్రెసు ప్రభుత్వము సారాను నిషేధించెను. 1995 జనవరిలో తెలుగుదేశము ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధమును అమలుపెట్టెను. ఒకరి ముఖము ఒకరు చూడని రెండు పక్షములు ఒకే దారిని నడచెను. ఇంతకంటె గొప్ప ఐక్యత ఏమి కావలెను?

అయితే పోయిన రాబడిని ఎవరు పూరింతురను మాట వచ్చునప్పటికి ఆ ఐక్యత కనబడలేదు. 1996లో రెండు రూపాయల కిలో బియ్యము మూడున్నర రూపాయలాయెను. జనులు సణిగిరి. 1997లో నిషేధము సడలింపబడి బ్రాందీ షాపులు తిరిగి తెరువబడెను. పాలకులను నిందించుట సులభము, నేనును ఆ కాలమున ప్రసంగపీఠమునుండి నిందించితిని. పునాది వేసి గోపురము ముగింపలేక నవ్వులపాలైన మనుష్యుని ఉపమానము మీరెరుగుదురు. ఆ మనుష్యుడు ప్రభుత్వమే అని అప్పుడు నేను తలంచితిని. మనముకూడ అని తోచలేదు.

ఈ లెక్క ముందుగా వేసినవారు లేకపోలేదు. రాజాజీ మంత్రివర్గము 1937లో సేలము జిల్లాలోను, మరుసటి సంవత్సరము చిత్తూరు, కడప జిల్లాలలోను మద్యనిషేధము పెట్టెను. లోటు పూడ్చుటకై 1939లో అమ్మకపు పన్ను శాసనము చేసిరి. వర్తకులకు అది రుచింపలేదు గాని త్రాగువాడును త్రాగనివాడును కలిసి భారము మోయవలెనన్న న్యాయము దానిలోనుండెను. (యుద్ధకాలములో మద్యనిషేధము ఆగిపోయెను, అమ్మకపు పన్ను మాత్రము ఆగలేదు! పన్నుల స్వభావమది.) ప్రకాశం జిల్లా ఎవరి పేర వెలసెనో ఆ పంతులుగారి మంత్రివర్గము 1954 నవంబరులో ఒకే ఒక్క వోటు తేడాతో పడిపోయినది కూడ మద్యనిషేధపు చర్చమీదనే.

ఆ అమ్మకపు పన్ను నేడు చాలవరకు జి.ఎస్.టి.లో కలిసిపోయినది. 2017 జూలై నుండి సబ్బుమీదను సిమెంటుమీదను ఎంత పన్ను వేయవలెనో రాష్ట్రము తనంతట తాను నిర్ణయింపజాలదు. తన చేతిలో మిగిలినవి మద్యము, పెట్రోలు, రిజిస్ట్రేషన్లు, బండ్ల పన్ను వంటివి కొన్నియే. కావున 2019లో వచ్చిన ప్రభుత్వము దశలవారీగా నిషేధింతుమని చెప్పి షాపులను తానే నడిపెను; 2024లో వచ్చినది వాటిని తిరిగి ప్రైవేటువారికిచ్చెను. షాపు ఎవరిదను విషయములో తగవేగాని, ఆ డబ్బు కావలెననుటలో తగవు లేదు. పక్షములు ఏకమైన చోటు ఉన్నది, కాని అది మనము కోరిన చోటు కాదు.

ఇక "నేనెందుకు కట్టాల?" అనిన సహోదరికి నేను చెప్పినది ఇది. అమ్మా, నీ యింట ఎవరును త్రాగకపోయినను, నీవు గిద్దలూరు పోవు రోడ్డులోను నీ పిల్లల బడిలోను త్రాగువాని డబ్బు కలిసియున్నది. ఆ డబ్బు వాని జేబులోనిది కాదు, వాని పిల్లల గంజిలోనిది. రాష్ట్రపు భారములో మన వంతు కొంత ఆ పిల్లలు మోయుచున్నారు. నా కుమారుడు చదువుకొనునప్పుడు ప్రభుత్వ ఉపకారవేతనము పొందెను. దానిలో ఏ యింటి ఆకలి కలిసెనో నేను ఎన్నడును విచారింపలేదు. త్రాగనివారమని అతిశయించు మనమే ఆ అంగడివలన లాభము పొందుచున్నాము. ఈ మాట చెప్పుట నాకే కష్టముగానుండెను.

ఆమె వెంటనే బదులు పలుకలేదు. మొదటి ఆమె తలవంచుకొని చాప అంచున పుల్లలు ఏరుచుండెను. తన యింటి సంగతి నలుగురిలో పడినందుకు నేనును నొచ్చుకొంటిని. మరుసటి వారము నేను ఆ పల్లెకు పోయినప్పుడు వారిద్దరును కలిసియే వచ్చిరి. ఈసారి మాటలాడినది ఒప్పుకొననన్న ఆమెయే.

"ఇంటికి ఎంత పడుతుందో లెక్క కట్టి చెప్పండి, అయ్యగారూ. చెబితే మా మగోళ్లతో మేం మాట్లాడతాం."

ఆ లెక్క నాయొద్ద లేదు. పంచాయతీ కార్యాలయములో అడిగితిని. ఇంటి పన్ను మాదే గాని మద్యపు పద్దు మాది కాదు, రాష్ట్రముదని వారు చెప్పిరి. రాష్ట్రపు బడ్జెటు పుస్తకమునకై ఇప్పుడు వెదకుచున్నాను. మీ సంఘములో లెక్కలు తెలిసిన యౌవనస్థులున్న యెడల, వారు ఏ జెండావారైనను సరే, నాకు తోడుగా పంపుడి.