సొమ్ము మనదే, నీరు ఎవరిది?

“సొమ్ము మాది. ఎంత వండిస్తే ఎవరికేం?” వలీమా విందుల్లో సగం వదిలేసిన బిర్యానీ పళ్లేలను చూసి ఎవరైనా నొచ్చుకుంటే వచ్చే జవాబు ఇదే. ధర్మం ముందు ఈ మాట నిలుస్తుందా?

హైదరాబాదు నుండి చేవెళ్ల వెళ్లే దారిలో, మొయినాబాద్ మండలంలో ఉంది కనకమామిడి. నగరవాసులు శుభకార్యాలు జరుపుకునే ఫామ్‌హౌస్‌లు ఈ ప్రాంతంలో కొల్లలు. ఇక్కడి కూరగాయలు, పూలు వెళ్లేదీ నగరానికే. ఈ మండలంలో కురిసే వాన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలకు చేరుతుంది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఆ రెండూ 1920, 1927లలో పూర్తయి, తరాల తరబడి నగరం దాహం తీర్చాయి. వాటిని కాపాడటానికే 1996లో 111వ నంబరు జీవో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలను, పెద్ద హోటళ్లను, నివాస కాలనీలను నిషేధించింది. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను సడలించింది. ఇక మిగిలింది మన నిగ్రహమే!

కిలో బియ్యం వెనుక సగటున రెండు వేల లీటర్లకు పైగా నీరు ఉంటుందని అంచనా. పారేసిన అన్నం చెత్తకుప్పలో కుళ్లి మీథేన్ వాయువును విడుదల చేస్తుంది, దాని ఊట భూగర్భజలంలోకి ఇంకుతుంది. బియ్యానికి ధర చెల్లించాం, నిజమే. పక్క పొలం రైతు బోరు నీటికి ఎవరికి చెల్లించాం? ఇది దైవదాసుల హక్కులకు సంబంధించిన విషయం. పైగా ఆ సొమ్ముకైనా మనం యజమానులం కాము. సూరా అల్ హదీద్ 7వ ఆయతు మనల్ని సంపదకు ప్రతినిధులుగానే పేర్కొంటోంది.

“మా ఒక్క పళ్లెంతో చెరువు ఎండిపోతుందా?” అని అడిగేవారూ ఉన్నారు. ఎండిపోదు. అయితే దైవప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే లీటరు కంటే తక్కువతో, వుజూ చేసేవారు. సముద్రతీరాన ఉన్నా నీటిని దుబారా చేయరాదన్న విషయంలో విద్వాంసులు ఏకాభిప్రాయంతో ఉన్నారని ఇమామ్ నవవీ రాశారు. సముద్రానికి తరిగేదేముంది? అంటే ఇక్కడ చూడవలసింది నీటి లెక్కను కాదు, దాన్ని ఒలకబోసే చేతిని.

దేగ్‌లు ఎన్ని అని వంటవారితో మాట్లాడే రోజునే ఈ సంగతి తలచుకోవాలి. ముట్టని అన్నం ఆ రాత్రే పేదలకు చేరగలదు, ఎంగిలి పళ్లెం ఎవరికీ పనికిరాదు. కొద్దికొద్దిగా వడ్డించి, అడిగితే మళ్లీ పెట్టవచ్చు. అతిథికి లోటు చేశారన్న మాట పడుతుందేమోనని పెద్దలు జంకుతారు. దైవప్రవక్త (స) ఇచ్చిన వలీమాలన్నిటిలో జైనబ్ (రజి) వివాహానికి ఇచ్చినదే పెద్దదని అనస్ (రజి) తెలిపారు. ఆ విందుకు కోసింది ఒకే ఒక్క మేక.