ఏసీ చెప్పేది విను బిడ్డా

బిడ్డా,

ఏసీ పెట్టించుకున్నారని, మనవడు చెమటకాయలు లేకుండా నిద్రపోతున్నాడని విని సంతోషమైంది. పెబ్బేరు ఎండ సంగతి నీకు చెప్పేదేముంది! రాత్రి పదయినా స్లాబు ఉడుకు దిగదు. మన ఊళ్ళో కూడా ఏసీ ఇప్పుడు సోకు కాదు. కానీ కొన్నంత తేలిక కాదు దాన్ని చూసుకోవడం. మన శనివారం సంతలో ఎద్దును కొనేవాళ్ళను చూశావు కదా? నోరు తెరిచి పండ్లు చూస్తారు, నాలుగడుగులు నడిపిస్తారు, ఆ తర్వాతే బేరం. నోరులేనిది తన బాధ నడకలో చెప్తుంది. ఏసీ కూడా అంతే, ఆగిపోయే ముందు చాలాసార్లు చెప్తుంది.

ముందు జబ్బు కానివాటిని తెలుసుకో. మే నెల మిట్టమధ్యాహ్నం గది ఆలస్యంగా చల్లబడితే కంగారుపడొద్దు. ఏసీ సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు లెక్కగడతారు. మన దగ్గర 42 దాటిన రోజున అది కాస్త మొరాయించడం సహజం. ఆపి వెంటనే వేస్తే కంప్రెసర్ మూడు నిమిషాల దాకా అందుకోకపోవచ్చు, దాని రక్షణకు పెట్టిన ఏర్పాటది. బయటి యూనిట్ మూలిగి ఆగిపోతూ, ఇంట్లో లైట్లు కూడా గుడ్డిగా వెలుగుతుంటే వోల్టేజీని అనుమానించు. పక్కింట్లోనూ అంతే అయితే కరెంటోళ్ళ నంబరు 1912కు ఫోన్ చేసి, అది కుదురుకునే దాకా ఏసీ వెయ్యకు.

గాలి తగ్గిందనిపిస్తే మొదట ఫిల్టర్ చూడు. హైవే పక్క ఊరు, పల్లికాయలూ వడ్లూ ఎండబోసే వాకిళ్ళు, మనకు దుమ్ముకు కొదవా? రెండు వారాలకోసారి కరెంటు ఆపి, ముందు మూత ఎత్తి, ఆ జాలీని నల్లా కింద పట్టు. బూడిదరంగు నీళ్ళు కారడం చూస్తే నీకే తెలుస్తుంది. నీడలో ఆరాక పెట్టు. బయటి యూనిట్‌కు గోనె సంచులు ఆనించకు, ఇంట్లో వేడిని అది వదిలేది అక్కడే. ఇంతవరకే మన పని.

ఫిల్టర్ శుభ్రంగానే ఉంది, వోల్టేజీ బాగుంది, అయినా అరగంట దాటాక కూడా గాలి వెచ్చగానే వస్తోందంటే బయటి యూనిట్ దగ్గరికెళ్ళి చూడు, చెయ్యి మాత్రం పెట్టకు. సన్నటి రాగి పైపు మీద, నట్టు బిగించిన చోట తెల్లగా మంచు పేరుకుందా? నట్టు చుట్టూ నూనె జిడ్డు, దానికి దుమ్ము అంటి నల్లబడిందా? అయితే గ్యాస్ కారుతూ ఉండొచ్చు. కారే గ్యాస్ కంప్రెసర్ నూనెను కూడా కొంత వెంట తెస్తుంది, ఆ జిడ్డు దానిదే. లోపలి జాలీ వెనక మంచు గడ్డకట్టినా ఏసీ ఆపు. కత్తితో గోకారంటే పైపుకు చిల్లు పడుతుంది, తానే కరగనివ్వు. ఫిల్టర్ కడిగాక కూడా మళ్ళీ కట్టిందంటే మెకానిక్‌ను పిలవాల్సిందే.

గోడ వెంట నీళ్ళు కారితే డ్రెయిన్ పైపు కొసన మట్టో, పురుగుల గూడో అడ్డం పడిందేమో చూసి తీసెయ్యి. అయినా ఆగకపోతే పిలువు. కొత్తగా గరగర చప్పుడు మొదలైనా, వాడకం పెరగకుండానే బిల్లు పెరిగినా అశ్రద్ధ చెయ్యకు. డిస్‌ప్లే మీద ఏదైనా కోడ్ మెరిస్తే ఆపే ముందే ఫొటో తీసిపెట్టుకో, మెకానిక్‌కు పనికొస్తుంది.

కాలిన వాసన, ప్లగ్గు దగ్గర మసి, ముట్టుకుంటే జివ్వుమనడం, స్విచ్ బోర్డు వైపు నీళ్ళు పారడం... వీటిలో ఏది కనిపించినా ఆలోచించకు, వెంటనే ఎంసీబీ దించు. ఎంసీబీ తానే ఒకసారి పడితే ఎత్తి చూడొచ్చు, మళ్ళీ పడితే ఎత్తొద్దు. అంతకన్నా పెద్దది వేయిస్తే సరిపోతుందని ఎవరైనా అంటే వినకు. అప్పుడు ఎంసీబీ పడదు, తీగలు కాలతాయి.

అల్లుడు పనిమంతుడే, కాదనను. కానీ బయటి యూనిట్ మూత మాత్రం విప్పనివ్వకు. కరెంటు ఆపాక కూడా కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత కరెంటు నిల్వ ఉంటుంది. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్‌కు కొద్దిగా అంటుకునే గుణం ఉంది. కారుతోందని అనుమానం వస్తే కిటికీలు తెరువు, ఆ గదిలో దీపం, ఊదుబత్తి వెలిగించకు.

మెకానిక్ వచ్చాక కూడా పక్కనే నిలబడి చూడు. ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు, మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. "ఏటా గ్యాస్ నింపించుకోవాలమ్మా" అనేవాణ్ణి నమ్మకు. సబ్బు నురగ పట్టించి బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చూపించమను. ఆ చోటు బాగుచేశాక వాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేసి, యూనిట్ లేబుల్ మీద ఉన్న బరువు ప్రకారం గ్యాస్ తూచి నింపాలి. లీకు వెతకకుండా గ్యాస్ నింపి పోయేవాడికి ఇచ్చిన డబ్బు నీళ్ళలో పోసినట్టే. వారంటీ ఉన్నంతకాలం కంపెనీ వాళ్ళనే పిలువు. ఆ తర్వాత ఐటీఐలో ఈ ట్రేడు రెండేళ్ళు నేర్చినవాళ్ళెవరో విచారించు. శివరాత్రి దాటగానే సర్వీసింగ్ చేయించావంటే ఏప్రిల్‌లో మెకానిక్ కోసం ఎదురుచూసే బాధ ఉండదు.

గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దు బిడ్డా. ఫిల్టర్ నీ పని, పైపులూ తీగలూ మెకానిక్ పని. పసివాడు పడుకునే గది అది. ఏ రాత్రయినా అనుమానం వస్తే ఎంసీబీ దించి, ఇంకో గదిలో ఫ్యాన్ కింద పడుకోండి. తెల్లారాక మెకానిక్‌కు ఫోన్ చెయ్యి.