బాల్కనీ ఎవరి కోసం?

వేసవికి ఇంకా నెలల గడువుండగానే కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అపార్ట్‌మెంట్లలో ఈ మధ్య ఒక చర్చ మొదలవుతోంది. సియాటిల్‌లో ఉన్న అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, ఈసారి మీరు వచ్చినప్పుడు అలాస్కా క్రూజుకు వెళ్దాం. బాల్కనీ గది తీసుకోనా, లోపలి గది చాలా?" అని అడుగుతుంది. అమ్మ నోరు తెరిచేలోపే పక్కనుంచి నాన్న, "పడుకోవడానికి బాల్కనీ ఎందుకమ్మా, డబ్బు దండగ" అంటాడు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే తమ్ముడు అక్క పక్షం చేరతాడు. అమ్మకు ఏది ఇష్టమో అడగడం మాత్రం అందరూ మరిచిపోతారు.

ఓడ గదుల గొడవకు ఈ శీర్షికలో చోటేమిటని అనుకోకండి. దేన్ని చూడాలి, ఎక్కడ నిలబడి చూడాలి, చూసింది మనలో ఎంతకాలం ఉంటుంది అన్న ప్రశ్నలు ఆ ఫోన్ మాటల్లోనే ఉన్నాయి. వాటిని తేలిగ్గా తీసిపారేయబుద్ధి కాదు నాకు.

ముందు ఓడ సంగతి. లోపలి గదికి కిటికీ ఉండదు. తలుపు వేసి లైటు ఆర్పితే మిట్టమధ్యాహ్నమైనా కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. బాల్కనీ గదికి అద్దాల తలుపు, దాని అవతల రెండు కుర్చీలు పట్టే చోటు, కటకటాల కింద సముద్రం ఉంటాయి. ధరలో తేడా చాలాసార్లు ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి రెట్టింపు. అలాగని లోపలి గదికి సుగుణాలు లేకపోలేదు. ఓడ నడుమన, కింది అంతస్తుల్లో ఉన్న గదికి ఊపు తక్కువ తగులుతుంది. జూన్ నెలలో అలాస్కాలోని జూనో ఊళ్లో రోజుకు 18 గంటలు వెలుతురే కాబట్టి, చీకటి గదిలో నిద్ర బాగా పడుతుంది. భోజనశాల, పైడెక్కు, అక్కడి గాలి మాత్రం అందరికీ ఒకటే.

ఇక మన సైబరాబాద్ సంగతి. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తర్వాత, ఈ రాళ్లగుట్టల మీద ఒకదాని పక్కన ఒకటిగా అద్దాల మేడలు లేచాయి. నేల నుంచి కప్పు దాకా అద్దమే. కానీ ఏ అంతస్తులోకైనా వెళ్లి చూడండి, పగలంతా బ్లైండ్లు దించే ఉంటాయి. ఎండ మానిటర్ మీద పడితే అక్షరాలు కనిపించవు మరి. అమెరికా వేళలకు పనిచేసే పిల్లలు తెల్లవారాక ఇంటికి చేరి, మందపాటి కర్టెన్లు లాగి పడుకుంటారు. చెరువు కనిపించే ఫ్లాటుకు ఎక్కువ ధర పెట్టి కొన్న ఇళ్లలో బాల్కనీకి పావురాల వల, ఆ వల వెనక వాషింగ్ మెషీను, ఆరేసిన చొక్కాలు. దుర్గం చెరువు మీద 2020 సెప్టెంబరులో తీగల వంతెన తెరిచినప్పుడు, ఆ నీటిని ఏళ్లతరబడి కిటికీ పక్కనే ఉంచుకున్నవాళ్లు కూడా కొత్తగా చూడటానికి వెళ్లారు.

ఇది వాళ్ల తప్పని నేను అనను. ఇంటి వాయిదాలు, పిల్లల ఫీజులు, ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల మందులు అన్నీ ఆ పని మీదే నడుస్తున్నాయి. కాకపోతే ఒకటి తెలుస్తుంది. కిటికీకి డబ్బు కడితే కిటికీ వస్తుంది. చూడటానికి కావలసిన తీరిక, నిలకడ వేరే చోటినుంచి రావాలి. బాల్కనీ తీసుకుని ఏడు రోజులూ అందులో కూర్చుని ఆఫీసు మెయిళ్లు చూసుకునేవాళ్లు ఉన్నారు. లోపలి గదిలో సామాను పడేసి, పొద్దు గుంకేదాకా పైడెక్కు వదలనివాళ్లూ ఉన్నారు.

ఈ మాట ఎత్తగానే కొందరు ప్రవచనకారులు కఠోపనిషత్తు తెస్తారు. ఇంద్రియాల వాకిళ్లు బయటికే తెరుచుకుని ఉన్నాయనీ, అందుకే మనిషి బయటికే చూస్తాడనీ, ఎవడో ఒక ధీరుడు చూపు లోపలికి తిప్పుతాడనీ యముడు నచికేతుడికి చెప్పిన ఘట్టం అది. నిజమే, గొప్ప మాట. కానీ దాన్ని పట్టుకుని కొండలూ నీళ్లూ చూడటమే భ్రమ అని తేల్చడం నాకు సమ్మతం కాదు. కళ్లు మూసుకోవడం వేరు, చూపు తిప్పడం వేరు. బయట ఏమీ సరిగ్గా చూడని చూపును లోపలికి తిప్పితే అక్కడ ఎదురయ్యేవి పాత కోపాలు, రేపటి మీటింగులు.

మన గుడి కట్టడంలోనే దీనికి జవాబుంది. పాలంపేట రామప్ప గుడికి వెళ్లండి. కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. చూరు కింద నల్లరాతి మదనికలు, కుడ్యాల మీద బారులు తీరిన ఏనుగులు, మండపంలో నున్నగా మెరిసే స్తంభాలు. చూసినకొద్దీ చూడాలనిపిస్తుంది. శిల్పి మన కళ్లను నిరాశపరచలేదు, తొందరపెట్టలేదు. ప్రదక్షిణగా తిప్పి, తనివితీరా చూపించి, చివరికి గర్భాలయం గడప దగ్గర నిలబెడతాడు. లోపల కిటికీ లేదు. దీపం వెలుగులో రామలింగేశ్వరుడు. బయట అంతసేపు నిలిచిన చూపే లోపల ఆ ఒక్క లింగం మీద నిలవగలుగుతుంది.

అంత దూరం పోనక్కర్లేదంటే, హైటెక్ సిటీకి కొద్ది కిలోమీటర్లలోనే గోల్కొండ ఉంది. దుర్గం చెరువు నీళ్లే ఒకప్పుడు ఆ కోటవాసులు తాగేవారని చెబుతారు. వారాంతాల్లో మన పిల్లలు కోటకు వెళ్తూనే ఉంటారు. గుమ్మటం కింద చప్పట్లు కొట్టి, పైదాకా ఎక్కి ఫోటోలు తీసుకుంటారు. దారిలో రామదాసు బందిఖానా వస్తుంది. దాని దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఎండలోంచి లోపలికి అడుగుపెడితే ముందు ఏమీ కనబడదు. కాస్త నిలబడాలి. మెల్లగా మందపాటి రాతిగోడలు తేలతాయి, పైనుంచి దిగే కొద్దిపాటి వెలుతురు తెలుస్తుంది. ఆ తర్వాత గోడలో దేవుడి రూపాలు కనబడతాయి. వాటిని రామదాసే చెక్కాడని జనం నమ్మకం.

ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. ఊరు నేలకొండపల్లి. అబుల్ హసన్ తానాషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారుగా పనిచేసి, వసూలైన సర్కారు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, దాని ఫలితంగా ఆ చీకట్లోకి వచ్చాడు. పన్నెండేళ్లు అక్కడే గడిపాడని సంప్రదాయం చెబుతుంది. గోదావరి గాలి పీల్చిన మనిషికి రాతిగోడల మధ్య పన్నెండేళ్లు! ఆయన దాన్ని ప్రశాంతంగా భరించాడని ఎవరైనా అంటే ఆ కీర్తనలు వినలేదన్నమాట. ఏడ్చాడు, నిష్ఠూరమాడాడు. సీతమ్మకు ఏ నగ చేయించాడో, లక్ష్మణుడికి ఏది చేయించాడో, దేనికి ఎంత అయిందో లెక్క చెప్పి రాముణ్నే నిలదీశాడు. తర్వాత, దెబ్బల బాధకు నోరు జారానని వేడుకున్నాడు.

నన్ను ఆపేది ఆ లెక్క దగ్గరే. కిటికీ లేని గదిలో కూర్చున్నవాడికి ఒక్కో నగా కళ్లముందు ఉంది. పతకమేదో, మొలతాడేదో విడివిడిగా కనిపిస్తున్నాయి. భద్రాచలంలో ఉన్నన్నాళ్లూ ఆయన చూసిన తీరు అలాంటిది. ఒంటిమీద ధ్యాస లేకుండా చూసినవాడు కాబట్టి, చూడటానికేమీ మిగలని చోట కూడా చూడగలిగాడు. అదే చీకట్లో ఇంకొకరుంటే ఆ గోడలు గోడలుగానే ఉండిపోయేవి. ఆ గదికి పంపిన తానాషా కథ కూడా తెలుసుకోదగిందే. 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కాక ఆయన శేషజీవితమంతా దౌలతాబాద్ కోటలో బందీగానే గడిచింది.

మళ్లీ ఓడ దగ్గరికి వద్దాం. బాల్కనీలో నాకు నచ్చని సంగతి ఒకటుంది, అది ధర కాదు. "మన బాల్కనీ, మన వ్యూ" అనుకున్న క్షణం నుంచి పక్క బాల్కనీ ఇంకాస్త ముందుకుందా, వాళ్లకు తిమింగలం కనిపించి మనకు కనిపించలేదా అన్న లెక్క మొదలవుతుంది. మమకారం కొండను కూడా వాటాలు వేస్తుంది. అలాస్కాలో గ్లేషియర్ బే అనే చోట జరిగేది ఈ లెక్కకు పూర్తిగా ఎదురు. రోజుకు రెండే క్రూజు ఓడలకు అక్కడ అనుమతి. పార్కు రేంజర్లు ఓడెక్కి, చూస్తున్నదేమిటో అందరికీ వివరిస్తారు. మార్జరీ హిమానీనదం ముందు ఓడ నిలిచి నెమ్మదిగా తిరుగుతుంది, రెండు వైపులవాళ్లకూ మంచుగోడ కనబడాలని. ఆ గోడ పెళ్లలుగా విరిగి నీళ్లలో పడితే ఉరిమినట్టే ఉంటుంది. 1794లో నావికుడు వాంకూవర్ బృందం వచ్చినప్పుడు అక్కడ అఖాతమే దాదాపు లేదు, అంతా మంచు. 1879లో ప్రకృతి పరిశీలకుడు జాన్ మ్యూర్ వచ్చేసరికి మంచు 30 మైళ్లకు పైగా వెనక్కి పోయింది, నీళ్లు మిగిలాయి. అలాంటి చోట నాదనీ నీదనీ ఏమిటి? పైడెక్కు మీద భాష తెలియని మనిషి భుజం పక్కన నిలబడి చూడటమే నాకు సబబనిపిస్తుంది.

ఆ నిలబడటం మన వాళ్లకు కొత్త కాదు. ఉస్మాన్‌సాగర్ పక్క చిలుకూరు బాలాజీ గుడికి వీసా కోసం వెళ్లి పదకొండు ప్రదక్షిణలు చేసి, పనయ్యాక నూట ఎనిమిది చేసినవాళ్లే కదా ఇప్పుడు అలాస్కాలో ఓడెక్కేది. ఆ గుడిలో హుండీ లేదు, వీఐపీ దర్శనం లేదు. ప్రాజెక్టు మేనేజరూ, ఆయన కారు డ్రైవరూ ఒకే వరసలో తిరుగుతారు.

మరి బాల్కనీ వద్దా? కొందరికి కావాలి. మోకాళ్లు అరిగి, డెక్కుకూ గదికీ రోజుకు నాలుగుసార్లు తిరగలేని అమ్మకు అది విలాసం కాదు. తెల్లారకముందే లేచి, స్నానం చేసి, సూర్యుడికి దణ్ణం పెట్టుకోనిదే కాఫీ ముట్టని మనిషిని వారం రోజులు కిటికీ లేని గదిలో పెడితే, పొద్దు పొడిచిందో లేదో ఆమె ఫోన్ చూసి తెలుసుకోవాల్సి వస్తుంది. ఆమెకు బాల్కనీ ఇవ్వండి. నాన్న దండగ అంటే, అమ్మ కోసమని చెప్పండి. పిల్లలతో మీరు లోపలి గది తీసుకోండి. ఎలాగూ మీరు అందులో ఉండేది నిద్రకే. ఒకే అంతస్తులో నడవాకు ఈ పక్క ఒకటి, ఆ పక్క ఒకటి దొరికితే రాత్రి మందులిచ్చి రావడానికి రెండడుగులే. గ్లేషియర్ బే రోజున మాత్రం శాలువాలు కప్పి ఇద్దర్నీ పైకి తీసుకెళ్లండి. చలికి ఓర్చుకోలేకపోతే వాళ్లు గదికి దిగిపోతారు, అక్కడ వాళ్ల కుర్చీలుంటాయి.

అంత ఖర్చు పెట్టలేనివాళ్లకు మన గోదావరి ఉంది. భద్రాచలంలో సీతారాముల దర్శనం చేసుకుని, పోచవరం రేవులో పాపికొండల లాంచీ ఎక్కవచ్చు. అందులోనూ ఇదే ప్రశ్న, కింద నీడపట్టున కూర్చోవాలా, పైన ఎండలోనా అని. పెద్దవాళ్లను కింద అంచు సీట్లలో కూర్చోబెట్టండి. లైఫ్ జాకెట్ అందరూ వేసుకోవాలి, ఎంత ఉక్కపోసినా తీయకూడదు. కొండలు రెండు వైపులనుంచీ దగ్గరికి జరిగి నది సన్నబడే చోట చేతులు పట్టుకుని వాళ్లను కాసేపు పైకి తెచ్చి కూర్చోబెట్టండి. పేరంటాలపల్లి దగ్గర లాంచీ ఆగుతుంది, గట్టు మీద శివాలయం ఉంది. ఎక్కేటప్పుడు అమ్మ ముందు నడవనివ్వండి, ఆమె నడకకు సరిపడా మీరు వెనక నడవండి.