దేవుడు పంపినవారిని గుర్తించామా?



అమెరికా అధ్యక్షుని కార్యాలయం కథాంశంగా 'ది వెస్ట్ వింగ్' అనే ధారావాహిక 1999 నుండి 2006 వరకు అక్కడి టీవీలో వచ్చింది. రాజకీయ నాయకుల కథలు మన ఆత్మలకేమి మేలు చేస్తాయని మీరు అడగవచ్చు. కాని 2000 ఫిబ్రవరి 9న ప్రసారమైన భాగం ప్రతి కతోలిక కుటుంబమూ ధ్యానించదగినది.

కథలోని అధ్యక్షుడు బార్ట్‌లెట్ కతోలిక విశ్వాసి. శుక్రవారం సాయంత్రం సుప్రీం కోర్టు ఒక హంతకుని చివరి అప్పీలును తోసిపుచ్చింది. ఆదివారం అర్ధరాత్రి దాటిన మరునిమిషంలో మరణశిక్ష అమలు జరగాలి. దానిని ఆపే అధికారం ఇక అధ్యక్షునిదే. శిక్ష ఆయన మనస్సాక్షికి సమ్మతం కాదు, ఆపడానికి ధైర్యమూ చాలదు. ప్రజలలో నూటికి 71 మంది మరణశిక్షను సమర్థిస్తున్నారు, కోర్టులూ తీర్పు చెప్పాయి, నేనేమి చేయగలనని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు.

ఆ రాత్రి తన సొంత రాష్ట్రం నుండి తనకు తెలిసిన వృద్ధ గురువును పిలిపించుకుంటాడు. జ్ఞానం కోసం ప్రార్థించాను, దేవుడు ఇవ్వలేదని నిష్ఠూరమాడతాడు. అందుకు గురువు ఒక కథ చెబుతారు. వరద వస్తున్నదని రేడియోలో హెచ్చరించినా ఒక భక్తుడు ఇల్లు కదలలేదు. పడవ వచ్చింది, ఎక్కలేదు. హెలికాప్టర్ వచ్చింది, ఎక్కలేదు. దేవుడే రక్షిస్తాడంటూ మునిగిపోయాడు. పరలోకంలో దేవుణ్ణి నిలదీస్తే, ఆ మూడింటినీ పంపినది నేనే కదా అన్నాడట. దేవుడు నీకూ ఒక గురువును, ఒక యూదుల రబ్బీని, ఒక క్వేకరు స్త్రీని పంపాడు, తన కుమారుణ్ణే పంపాడు, ఇంకేమి కావాలని ఆ గురువు అడుగుతారు.

ఆ క్వేకరు స్త్రీ చెవిటిది, సైగలతో మాట్లాడుతుంది. చూశారా! చెవులు వినబడని మనిషి కబురు తెచ్చింది, చెవులున్న అధికారి దానిని వినలేదు.

ఇది కల్పిత కథ. దీనికి ఏడాది ముందు నిజంగానే జరిగినది వినండి. 1999 జనవరి 27న పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులు అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో మిస్సోరీ గవర్నరు మెల్ కార్నహాన్‌ను కలిసి, ముగ్గురిని చంపిన ఒక ఖైదీపై దయ చూపమని అడిగారు. ఆ గవర్నరు బాప్టిస్టు సంఘస్థుడు, మరణశిక్షను సమర్థించేవాడు. అయినా మరునాడే దానిని యావజ్జీవ శిక్షగా మార్చాడు. వచ్చినవాని మాటలో పంపినవాని స్వరం విన్నాడు.

పిలాతుకూ కబురు వచ్చింది. న్యాయపీఠం మీద కూర్చున్నప్పుడే, ఆ నీతిమంతుని జోలికి పోవద్దని భార్య చెప్పి పంపింది (మత్తయి 27:19). ఆయన జనం కేకలనే విన్నాడు, చేతులు కడుక్కున్నాడు.

హతుల కుటుంబాల కన్నీటిని శ్రీసభ చిన్నచూపు చూడదు. నేరం నేరమే, శిక్ష ఉండవలసిందే. కాని దోషిలో కూడా దేవుడిచ్చిన మానవ గౌరవం చెరిగిపోదు. అందుకే 2018లో ఫ్రాన్సిస్ జగద్గురువులు సత్యోపదేశాన్ని సవరించి, మరణశిక్ష అంగీకరించదగినది కాదని ప్రకటించారు.

మన చేతిలో ఉరితాడు లేదు. అయినా గట్టు తగాదాతో తమ్ముని గడప తొక్కనివారు, ఇష్టం లేని పెళ్లి చేసుకున్న కూతురు బ్రతికుండగానే చచ్చిందనుకునేవారు మన విచారణలలో లేరా? అదీ ఒక మరణశిక్షే. దారి చూపమని జపమాల చెబుతూనే ఉంటాం. ముసలి తల్లి బ్రతిమాలితే కసురుతాం. ఉపదేశి వస్తే ఇంట్లో లేమని చెప్పిస్తాం. పెద్దమ్మ ఎప్పుడొస్తుందని చంటిబిడ్డ అడిగితే మాట మారుస్తాం. పైగా దేవుడు పలకలేదంటాం!

కథలో శిక్ష అమలైపోయిన కబురు వస్తుంది. గురువు పాపసంకీర్తనం వింటానంటారు. దేశాధినేత మోకరిస్తాడు. చనిపోయినవాడు తిరిగి రాడు, కాని పశ్చాత్తాపపడినవానికి ద్వారం మూయబడలేదు. మన తమ్ముడు, మన కూతురు ఇంకా బ్రతికే ఉన్నారు. ఈ వారమే పాపసంకీర్తనం చేసి, ఆ గడప తొక్కుదాం. ఆమెన్.