గోడగూడు

కోస్గి ప్రాంతపు పాత యిండ్లలో తాండూరు నాపరాతి బండలు నేటికిని కన్పించును. తాతముత్తాతల పాదముల రాపిడికి నునుపెక్కిన ఆ బండలు నడివేసవిలో సైతము చల్లగా నుండును. పొరుగువారు మెరుగుపలకలు పరచిరను ఒక్క కారణముననే వానిని పెకలించువారు కలరు. అవ్వ దీపముంచు గోడగూడును సైతము పూడ్చివేయుదురు.

పురుగు తొలిచిన దూలమును మమకారముతో నిలుపుకొనుట వివేకము కాదు, దానిని మార్చవలసినదే. పగులని బండ పరుల కంటికి పాతబడెనని తీసివేయుట ఏమి న్యాయము?

గురువు అనుగ్రహించిన ఇష్టలింగమును వీరశైవుడు యావజ్జీవము ధరించును. దేహముతోడనే అది సమాధి చేరును. ఇంతకన్న నునుపైనది అంగడిలో కలదని ఎవ్వడును మార్చుకొనడు. ఇంటి వస్తువు లింగముతో సాటి రాదు, నిజమే. అయినను ఒకేచోట నిలుచుట నేర్చిన మనస్సు గోడల విషయమున మాత్రము ఏల పరుగిడవలెను?

కాయకమున ఆర్జించినది దాసోహమునకు చెందవలెనని 12వ శతాబ్దిలో బసవేశ్వరుడు బోధించెను. అప్పుచేసి నేల మెరిపించి, జంగమయ్యకు విస్తరి వేయుటకు వెనుదీయు ఇల్లు ఎవరి మెప్పునకు?

సున్నము వేయించుడు, గూటి చుట్టును ఎర్రమన్ను పూయించుడు, ఖర్చు స్వల్పము. పలకలే కావలెనన్నచో, మేస్త్రీని పిలుచుటకు ముందు ఆ గూటిలో దీపము పెట్టు అవ్వను ఒకమారు అడుగుడు.